మూడు యాక్సిస్‌ల మిల్లింగ్ మెషీన్‌కి ఏ ఆపరేటింగ్ సిస్టమ్? ఒక కేస్ స్టడీ

ఇనుము బాగుంది, బుర్ర పోయింది. పాత సీఎన్‌సీ (కంప్యూటర్ ఆజ్ఞలతో నడిచే) మెషీన్లు మూలన పడేది ఎక్కువగా ఇందుకే. ఇక్కడ చెప్పే వర్టికల్ మిల్లింగ్ మెషీన్ కూడా అలాంటిదే. కాస్టింగ్ గట్టిది, స్లైడ్లు అరగలేదు, మూడు యాక్సిస్‌లకీ 5 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న బాల్ స్క్రూలు. కంట్రోలర్‌లో మాత్రం మెమరీ బోర్డు, డిస్‌ప్లే రెండూ పోయాయి. వాటి విడిభాగాలు ఇప్పుడు దొరకవు. బాలానగర్, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల జాబ్ షాపుల్లో ఇలాంటి మెషీన్‌కి పీసీతో ప్రాణం పోయాలనుకోవడం మామూలే. మొదటి ప్రశ్న కూడా మామూలుగా ఒకటే ఉంటుంది: "విండోస్ పెడదామా, లైనక్స్ పెడదామా?" అది రెండో ప్రశ్న. మొదట తేలాల్సింది, ఈ మెషీన్‌లో ఏ పని ఎంత గడువులో జరగాలి, గడువు దాటితే ఏం పాడవుతుంది అన్నది. అది కాగితం మీద పెట్టాక ఆపరేటింగ్ సిస్టమ్ పేరు దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

కొత్తగా పెట్టిన సామాను: 750 వాట్ల ఏసీ సర్వో మోటార్లు మూడు, పల్స్-డైరెక్షన్ (ఒక్కో పల్సుకి ఒక్కో అడుగు, ఇంకో తీగ మీద దిశ) తీసుకునే డ్రైవులు మూడు. Z మోటార్‌కి బ్రేకు ఉంది. స్పిండిల్ పాతదే, 3.7 కిలోవాట్ల మోటారు, కొత్త వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవు), 0 నుంచి 10 వోల్టుల కమాండ్. రిజిడ్ ట్యాపింగ్ (స్పిండిల్ తిరుగుడుకి Z కదలికని కట్టి మర కోయడం) కావాలి కాబట్టి స్పిండిల్ మీద 1024 లైన్ల ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో చెప్పే సెన్సర్) అదనం. చేయాల్సిన పని అల్యూమినియం, మైల్డ్ స్టీల్ ఫిక్స్చర్లు, టాలరెన్స్ ±0.02 మిల్లీమీటర్లు. రాపిడ్ (కోత లేనప్పుడు జరిగే గరిష్ఠ వేగం) నిమిషానికి 8 మీటర్లు చాలు. ఒక పల్స్‌కి ఒక మైక్రాన్ కదలాలి.

లెక్క

5 మిల్లీమీటర్ల పిచ్‌కి ఒక మైక్రాన్ పల్స్ అంటే చుట్టుకి 5000 పల్సులు, మిల్లీమీటరుకి 1000. నిమిషానికి 8 మీటర్లంటే సెకనుకి 133 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో యాక్సిస్‌కి సెకనుకి 1,33,000 పల్సుల పైమాటే. మోటారు వైపు నుంచి చూస్తే ఇది 1600 ఆర్‌పీఎం, 3000 ఆర్‌పీఎం సర్వోకి అలవోక. బరువంతా పల్సు తయారు చేసే వైపే.

ఈ పల్సుల్ని పీసీయే సాఫ్ట్‌వేర్‌తో కొట్టాలంటే ఒక టైమర్ పదేపదే మోగుతూ ఉండాలి. మామూలు డెస్క్‌టాప్‌లో నమ్మకంగా నడిచే బేస్ పీరియడ్ (టైమర్ మోగే వ్యవధి) 25 మైక్రోసెకన్లు అనుకుందాం. ఒక పీరియడ్‌లో పిన్ను పైకి, తర్వాతి పీరియడ్‌లో కిందికి. ఒక పల్సుకి 50 మైక్రోసెకన్లు, సెకనుకి 20,000 పల్సులు. మన మెషీన్‌లో అది నిమిషానికి 1200 మిల్లీమీటర్లు మాత్రమే. పైకి లేపిన పిన్నుని అదే పీరియడ్‌లో దించే రీసెట్ పద్ధతి వాడితే రెట్టింపై 2400 వస్తుంది. కావాల్సింది 8000. వేగం కోసం పల్సు విలువ పెంచుదామంటే, 20,000 పల్సులతో 133 మిల్లీమీటర్లు నడవాలి కాబట్టి మిల్లీమీటరుకి 150 పల్సులే మిగులుతాయి. ఒక్కో పల్సు 6.7 మైక్రాన్లు. ±20 మైక్రాన్ల టాలరెన్స్‌లో మూడో వంతు మెషీన్ కదలకముందే పోయినట్టు.

వేగం ఒక్కటే కాదు, నాణ్యత కూడా దెబ్బతింటుంది. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. సెకనుకి 15,000 పల్సులు కావాలనుకోండి. పల్సుకీ పల్సుకీ మధ్య 66.7 మైక్రోసెకన్లు ఉండాలి. 25 గుణిజాల్లోనే కదలగల టైమర్ 66.7 ఇవ్వలేదు. 75, 75, 50 అని మార్చి మార్చి కొడుతుంది. సగటు సరిగ్గా 66.7 వస్తుంది. మోటారుకి మాత్రం సగటు తెలియదు. దానికి తెలిసేది 13,333 వేగం, మళ్లీ 13,333, వెంటనే 20,000, మళ్లీ 13,333. దీని మీద పీసీ 20 మైక్రోసెకన్లు ఆలస్యంగా లేచిందనుకోండి. ఒక ఖాళీ 70 అవుతుంది, తర్వాతది 30కి కుంచించుకుపోతుంది. 30 మైక్రోసెకన్ల ఖాళీ అంటే ఆ క్షణానికి 33,000 పైచిలుకు పల్సుల వేగం అడిగినట్టు. స్టెప్పర్ మోటారైతే పై వేగాల్లో టార్క్ ముందే తక్కువ కాబట్టి అక్కడ స్టెప్పు జారిపోతుంది. సర్వో డ్రైవు తన స్మూతింగ్ ఫిల్టర్‌తో చాలావరకు మింగేస్తుంది, కానీ మంచి ఫినిషింగ్ కట్‌లో గోడ మీద సన్నని గీతలుగా బయటపడుతుంది. ఆ గీతలు చూసి టూల్ మార్చినా, ఫీడ్ తగ్గించినా ఫలితం ఉండదు.

రియల్ టైమ్ అంటే వేగం అని చాలామంది అనుకుంటారు. వేగం కాదు, గడువు. సగటున 3 మైక్రోసెకన్లలో జవాబిచ్చి, గంటకోసారి 2 మిల్లీసెకన్లు కనిపించకుండా పోయే కంప్యూటర్ మెషీన్‌కి పనికిరాదు. ప్రతిసారీ 60 మైక్రోసెకన్లు తీసుకునే పాత కంప్యూటర్ పనికొస్తుంది. కాబట్టి ఏ సిస్టమ్‌నైనా దాని అధ్వాన్నమైన ఆలస్యంతోనే తూచాలి.

పరిశీలించిన దారులు

విండోస్ మీద ప్యారలల్ పోర్ట్‌తో నేరుగా పల్సులు కొట్టే పద్ధతి మాక్3 అనే సీఎన్‌సీ ప్రోగ్రాం వల్ల మన దగ్గర బాగా పాతుకుపోయింది. దాని ప్యారలల్ పోర్ట్ డ్రైవర్ 32 బిట్ విండోస్‌లోనే పనిచేస్తుంది, 64 బిట్‌లో ఎక్కదు. అంటే ఎక్స్‌పీ గానీ, 32 బిట్ విండోస్ 7 గానీ. ఒకదానికి 2014 ఏప్రిల్‌లో, మరోదానికి 2020 జనవరిలో మద్దతు ఆగిపోయింది. కొత్తగా పెట్టే మెషీన్‌ని ఈ దారిలో పెట్టడం తప్పు. ఇప్పటికే బాగా నడుస్తున్న పాత రౌటర్‌ని కదిలించాల్సిన అవసరం మాత్రం లేదు.

విండోస్ పైన ఉండి, పల్సులూ ట్రాజెక్టరీ బఫరూ (ముందే పంపిపెట్టిన కదలికల నిల్వ) బయటి ఈథర్‌నెట్ కంట్రోలర్ చూసుకునే పద్ధతి వేరు. అది మంచి దారే. అక్కడ విండోస్ వంద మిల్లీసెకన్లు నిద్రపోయినా బఫర్‌లో కదలికలు నిండి ఉంటాయి. కానీ ప్రోబింగ్ (తాకి కొలవడం), రిజిడ్ ట్యాపింగ్, ఫీడ్ హోల్డ్ (కోత మధ్యలో కదలిక ఆపడం) ఎలా పనిచేస్తాయన్నది ఆ కంట్రోలర్ ఫర్మ్‌వేర్, దాని ప్లగిన్ రాసినవాళ్ల చేతిలో ఉంటుంది. కొనేముందు ఈ మూడూ మెషీన్ మీద చేయించి చూడాలి. ఈ కేసులో రిజిడ్ ట్యాపింగ్ ముఖ్యం కావడం వల్లే దీన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది.

విండోస్‌కి రియల్ టైమ్ పొడిగింపులూ ఉన్నాయి. బెకాఫ్ వారి ట్విన్‌క్యాట్ కొన్ని కోర్లను తన చేతిలోకి తీసుకుని 50 మైక్రోసెకన్ల సైకిల్ వరకూ నడుస్తుంది. ఈథర్‌క్యాట్ (ఈథర్‌నెట్ మీద నడిచే పారిశ్రామిక నెట్‌వర్క్) డ్రైవులతో ప్యాకేజింగ్ లైన్లు కట్టేవాళ్లకి ఇది గట్టి ఎంపిక. పల్స్-డైరెక్షన్ డ్రైవులున్న ఒక్క మెషీన్‌కి లైసెన్స్, ఐ/ఓ టెర్మినళ్లు కలిపితే బరువెక్కువ.

వీఎక్స్‌వర్క్స్, క్యూఎన్‌ఎక్స్ అసలు సిసలు రియల్ టైమ్ సిస్టమ్‌లు. వందల మెషీన్లు తయారు చేసి అమ్మే కంపెనీకి అర్థం ఉంది. అవి జీ-కోడ్ (మెషీన్ కదలికల ఆజ్ఞలు) చదవవు, ఆపరేటర్ స్క్రీన్ ఇవ్వవు, అదంతా మీరే రాయాలి. పైగా రియల్ టైమ్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కొన్నంత మాత్రాన గడువులు వాటంతటవే నిలబడవు. 1997 జులైలో మార్స్ మీద దిగిన పాత్‌ఫైండర్‌లో వీఎక్స్‌వర్క్స్ ఉంది. తక్కువ ప్రాధాన్యమున్న వాతావరణ టాస్కు ఒక తాళం (ఉమ్మడి వనరుని ఒకేసారి ఒకరే వాడేలా చేసే లాక్) పట్టుకుని ఉండగా, మధ్యస్థాయి టాస్కులు దాన్ని నడవనివ్వలేదు. ఆ తాళం కోసం ఎదురుచూసిన పై టాస్కు గడువు దాటింది, వాచ్‌డాగ్ (గడువు తప్పితే కలగజేసుకునే కాపలా) మొత్తాన్ని రీసెట్ చేసింది. ప్రాధాన్యం వారసత్వంగా ఇచ్చే ఆప్షన్ కెర్నల్‌లో ఉంది, ఆ తాళానికి అది ఆన్ చేసి లేదు. భూమి నుంచి ఆన్ చేశాక బాగైంది.

ఆపరేటింగ్ సిస్టమే లేకుండా మైక్రోకంట్రోలర్‌తో నడిపే దారి కూడా చూడాలి. జీఆర్‌బీఎల్ అనే ఫర్మ్‌వేర్ ఆర్డునో ఉనో బోర్డు మీద, 16 మెగాహెర్ట్జ్ చిప్‌తో సెకనుకి 30,000 పల్సులు నిలకడగా ఇస్తుంది. చిన్న రౌటర్‌కి, లేజర్‌కి దాన్ని మించింది లేదు. మన లెక్కలో 30,000 అంటే నిమిషానికి 1800 మిల్లీమీటర్లు. స్పిండిల్‌తో కలిసి నడిచే ట్యాపింగ్ లేదు. అక్కడితో అది ఆగిపోతుంది.

మిగిలింది లైనక్స్. మామూలు లైనక్స్ కెర్నల్ పని ఎక్కువ సాగేలా రాసింది, గడువు నిలబడేలా కాదు. ఒక డ్రైవర్ తాళం వేసుకుని పనిచేస్తుంటే మీ ప్రోగ్రాం ఎంత ముఖ్యమైనదైనా ఆగాల్సిందే. దీనికి రెండు మందులున్నాయి. ఆర్‌టీఏఐ లైనక్స్ కింద ఇంకో చిన్న కెర్నల్ పెట్టి, ఇంటరప్టులు (హార్డ్‌వేర్ ప్రాసెసర్‌ని పిలిచే సంకేతాలు) ముందు తానే తీసుకుంటుంది. ప్యారలల్ పోర్ట్‌తో పల్సులు కొట్టేవాళ్లకి ఇప్పటికీ ఇదే మేలు. కాకపోతే ఏ కెర్నల్‌కి పడితే ఆ కెర్నల్‌కి దొరకదు, కొత్త మదర్‌బోర్డుల మీద ఇబ్బంది పెడుతుంది. రెండోది ప్రీఎంప్ట్-ఆర్‌టీ. ఇది లైనక్స్‌నే మారుస్తుంది. ఇంటరప్టుల పనిని థ్రెడ్‌లుగా మార్చి వాటికి ప్రాధాన్యం ఇస్తుంది, కెర్నల్ లోపలి తాళాల్లో ఎక్కువ భాగాన్ని మధ్యలో ఆపగలిగేవిగా చేస్తుంది, పాత్‌ఫైండర్‌లో ఆఫ్‌లో ఉన్న ఆ ప్రాధాన్య వారసత్వాన్ని వాటికి వర్తింపజేస్తుంది. ఏళ్ల తరబడి విడి ప్యాచ్‌గా ఉన్న ఇది 2024 నవంబరులో వచ్చిన 6.12 కెర్నల్‌తో అసలు లైనక్స్‌లో భాగమైంది. డెబియన్‌లో రెడీమేడ్ ఆర్‌టీ కెర్నల్ ప్యాకేజీ ఉంది. కంపైల్ చేసుకునే అవస్థ లేదు.

దీని మీద నడిచే లైనక్స్‌సీఎన్‌సీ అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో 1990లలో పుట్టింది. అప్పటి పేరు ఎన్‌హాన్స్‌డ్ మెషీన్ కంట్రోలర్. రిజిడ్ ట్యాపింగ్, టూల్ టేబుల్, ప్రోబింగ్ అన్నీ ఉన్నాయి. వైరింగ్ ఏది ఎక్కడికి వెళ్లాలో హ్యాల్ అనే సెట్టింగ్ ఫైల్‌లో మనమే కలుపుకుంటాం. ప్యానెల్ వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి హ్యాల్ రెండు రోజుల్లో వంటబడుతుంది. అదీ రిలే నుంచి రిలేకి తీగ లాగినట్టే.

నిర్ణయం: పల్సులు కార్డుకి, గడువు మిల్లీసెకనుకి

సెకనుకి 1,33,000 పల్సుల పనిని ఏ పీసీ నెత్తిన పెట్టినా తప్పే. ఆ పని ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ని పనికి తగ్గట్టు మలచుకోగల చిప్) కార్డుకి అప్పగించారు. మెసా 7ఐ76ఈ కార్డు: ఐదు పల్స్ జనరేటర్లు, 32 ఇన్‌పుట్లు, 16 అవుట్‌పుట్లు, స్పిండిల్‌కి అనలాగ్ అవుట్‌పుట్, ఎన్‌కోడర్ ఇన్‌పుట్ అన్నీ ఒకే బోర్డు మీద. పీసీకి ఈథర్‌నెట్ తీగతో కలుస్తుంది. పీసీ ఇప్పుడు పల్సులు కొట్టదు. మిల్లీసెకనుకోసారి "X ఈ వేగంతో, Y ఈ వేగంతో" అని చెప్పి, పొజిషన్ వెనక్కి చదువుకుంటుంది, అంతే.

ఈ ఒక్క మార్పుతో ఆపరేటింగ్ సిస్టమ్ మీద గడువు 25 మైక్రోసెకన్ల నుంచి 1000కి సడలింది, నలభై రెట్లు. 15 మైక్రోసెకన్ల లేటెన్సీ (ఆలస్యం) కోసం పీసీలు వెతుక్కునే బాధ పోయింది. 100 లోపు ఉంటే హాయిగా నడుస్తుంది. చాలామంది కార్డు డబ్బు మిగుల్చుకుందామని వారాల తరబడి కెర్నల్‌తో కుస్తీ పడతారు. ఆ వారాల్లో మెషీన్ చేయగలిగే జాబుల విలువ కార్డు కంటే ఎక్కువ.

వెయ్యి మైక్రోసెకన్ల ఖర్చు ఇలా పడింది: కార్డు నుంచి చదవడం, తిరిగి రాయడం కలిపి సుమారు 200, కదలిక లెక్కలకి 50 లోపు. మిగతాది ఆలస్యాలు మింగడానికి. చదివే జవాబు కోసం డ్రైవర్ సైకిల్‌లో 80 శాతం వరకు ఎదురుచూస్తుంది, అంటే 800 మైక్రోసెకన్లు.

జవాబు రాకపోతే ఏమవుతుందో ముందే తెలిసి ఉండాలి. కార్డు ఆగదు. చివరగా చెప్పిన వేగంతో పల్సులు కొడుతూనే ఉంటుంది. రాపిడ్‌లో ఒక్క మిల్లీసెకను తప్పితే 0.13 మిల్లీమీటరు గుడ్డిగా నడిచినట్టు. కార్డులోని వాచ్‌డాగ్ మామూలుగా 5 మిల్లీసెకన్లకి కరుస్తుంది, అప్పటికి 0.67 మిల్లీమీటరు. ఆ సంఖ్యని ఎవరో ఫోరంలో చెప్పారని 50 చేయకండి. అది 6.7 మిల్లీమీటర్లవుతుంది, వైస్ దవడకి టూల్ తగలడానికి అది చాలు.

పీసీ ఎంపిక, పరీక్ష

సెకండ్ హ్యాండ్ ఆఫీస్ డెస్క్‌టాప్, ఇంటెల్ ఐ5-6500, నాలుగు కోర్లు, హైపర్‌థ్రెడింగ్ లేదు. 8 జీబీ ర్యామ్, కొత్త 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, బోర్డు మీదే ఇంటెల్ నెట్‌వర్క్ చిప్. గ్రాఫిక్స్ కార్డు పెట్టలేదు. ఎన్‌విడియా సొంత డ్రైవర్లు ఆర్‌టీ కెర్నల్‌తో తరచూ తగాదా పడతాయి. ల్యాప్‌టాప్ వద్దే వద్దు. బ్యాటరీ, వేడి, మూత స్విచ్ అన్నీ చూసుకునేది దాని ఫర్మ్‌వేరే.

ఈ ఫర్మ్‌వేర్ సంగతి విడిగా చెప్పాలి. ఇంటెల్ తరహా పీసీల్లో సిస్టమ్ మేనేజ్‌మెంట్ ఇంటరప్ట్ అని ఒకటుంది. బయాస్ (మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్) ఎప్పుడైనా ప్రాసెసర్‌ని లాక్కుని తన పని చేసుకుని తిరిగిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఆ సమయం మాయమైనట్టే, ఆపే అధికారం లేదు. మంచి కెర్నల్ పెట్టినా ఒకే మోడల్ పీసీ ఒకచోట బాగా, మరోచోట చెడ్డగా రావడానికి బయాస్ వెర్షన్ తేడా చాలు. అందుకే కొనేముందు యూఎస్‌బీ డ్రైవ్ మీద లైనక్స్‌సీఎన్‌సీ ఐఎస్‌ఓ వేసుకెళ్లి దుకాణంలోనే ఆలస్యాలు కొలిచే లేటెన్సీ-హిస్టోగ్రామ్ అరగంట నడిపి చూడటం మంచి అలవాటు.

డెబియన్ 12 మీద ఈ పీసీలో కొలతలు. మామూలు కెర్నల్‌తో, పక్కన పెద్ద ఫైళ్లు కాపీ అవుతుండగా ఆలస్యం కొలిచే సైక్లిక్‌టెస్ట్‌లో అధ్వాన్నమైన ఆలస్యం 2 మిల్లీసెకన్లు దాటింది. ఆర్‌టీ కెర్నల్ వేశాక, ఇంకేమీ ముట్టుకోకుండా, 140 మైక్రోసెకన్లు. కానీ అప్పుడప్పుడు 300 దగ్గర గ్రాఫ్‌లో ఒక ముల్లు (హఠాత్తుగా పెరిగిన ఆలస్యం) లేచేది. హెచ్‌డబ్ల్యూల్యాట్‌డిటెక్ట్ అనే ప్రోగ్రాం ఆ ముల్లు కెర్నల్‌ది కాదు, హార్డ్‌వేర్ వైపుదని చూపించింది. బయాస్‌లో లెగసీ యూఎస్‌బీ సపోర్ట్ ఆపగానే ముల్లు పోయింది. (అది ఆపాక కొన్ని బోర్డుల్లో బయాస్ స్క్రీన్ దగ్గర యూఎస్‌బీ కీబోర్డు పనిచేయదు. ఒక పీఎస్/2 కీబోర్డు దగ్గర పెట్టుకోండి.) తర్వాత సీ-స్టేట్‌లు (కోర్ల నిద్ర స్థితులు), ప్రాసెసర్ వేగాన్ని మార్చే స్పీడ్‌స్టెప్, టర్బో ఆపారు. కోరు నిద్రపోయి లేవడానికి పట్టే సమయమే ఆలస్యంగా కనిపిస్తుంది కాబట్టి నిద్రపోనివ్వకూడదు. వాడని ఆడియో, సీరియల్ పోర్టులు, వైఫై కూడా ఆఫ్. ఇక్కడికి 60 మైక్రోసెకన్లు.

సిస్టమ్ మేనేజ్‌మెంట్ ఇంటరప్టుల్ని బలవంతంగా మొత్తం ఆపే చిట్కాలు దొరుకుతాయి. వేడెక్కినప్పుడు ప్రాసెసర్‌ని కాపాడే పని కొన్ని బోర్డుల్లో వాటి ద్వారానే జరుగుతుంది. ఆ జోలికి పోవద్దు.

ఆఖరున గ్రబ్ (లైనక్స్‌ని లేపే బూట్ ప్రోగ్రాం) లైన్‌లో ఐసోల్‌సీపీయూస్=2,3 (isolcpus=2,3, ఆ రెండు కోర్లనీ మామూలు పనులకి దూరంగా ఉంచేది) చేర్చి అప్‌డేట్-గ్రబ్ చేశారు. ఇక బ్రౌజర్, ఫైళ్లు, స్క్రీన్ అన్నీ 0, 1 కోర్లలోనే. లైనక్స్‌సీఎన్‌సీ తన రియల్ టైమ్ థ్రెడ్‌ని ఆఖరి కోరు మీద పెట్టుకుంటుంది. ఇంటరప్టుల్ని కోర్లకి పంచే ఐఆర్‌క్యూ-బ్యాలెన్స్ (irqbalance) తీసేసి, నెట్‌వర్క్ చిప్ ఇంటరప్టుని కోర్ 2కి కట్టారు. గ్రాఫిక్స్ మీద బరువు వేసే గ్లెక్స్‌గేర్స్ (glxgears) కిటికీలు ఆరు, ఫైల్ కాపీ, పెద్ద జీ-కోడ్ ప్రివ్యూ ఒకేసారి నడుస్తుండగా రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి 24 మైక్రోసెకన్లు. ఈ పరీక్షని ఐదు నిమిషాలకి ఆపితే ప్రయోజనం లేదు. గంటకోసారి వచ్చే ముల్లుని పట్టుకోవడానికే ఈ తతంగమంతా.

నెట్‌వర్క్ తీగ, పొజిషన్ గడియారం

కార్డుకి ఒక నెట్‌వర్క్ పోర్టు పూర్తిగా ఇచ్చేయాలి. మధ్యలో స్విచ్, రౌటర్ ఉండకూడదు. పీసీకి 10.10.10.1, కార్డుకి జంపర్‌తో 10.10.10.10. ఆఫీసు నెట్‌వర్క్ కావాలంటే ఇంకో పోర్టు కార్డు పెట్టుకోవాలి. నెట్‌వర్క్ చిప్‌లు ఒక్కో ప్యాకెట్‌కి ప్రాసెసర్‌ని లేపకుండా కొన్నిటిని కూడబెట్టి ఒకేసారి లేపుతాయి. ఆఫీసు పనికి మంచిదే, మనకి విషం. ఈథ్‌టూల్ (ethtool) కమాండ్‌తో ఆర్‌ఎక్స్-యూసెక్స్ (rx-usecs) విలువని సున్నా చేయాలి, నెట్‌వర్క్ సెట్టింగ్ ఫైల్‌లోనే రాసేస్తే ప్రతి బూట్‌కీ వర్తిస్తుంది. రియల్‌టెక్ చిప్ అయితే కెర్నల్‌తో వచ్చే ఆర్8169 డ్రైవర్ బదులు ఆర్8168 వేస్తే తరచూ నయమవుతుంది. అదీ కుదరకపోతే ఇంటెల్ కార్డు ఒకటి గుచ్చడమే శ్రేయస్కరం.

ఇంకొక చిన్న సెట్టింగ్‌ని చాలామంది వదిలేస్తారు. పీసీ 50 మైక్రోసెకన్లు ఆలస్యంగా పొజిషన్ చదివిందనుకోండి. 133 మిల్లీమీటర్ల వేగంలో ఆ కాస్తలో మెషీన్ 6.7 మైక్రాన్లు ముందుకెళ్లింది. అసలు తప్పేమీ లేకపోయినా సాఫ్ట్‌వేర్‌కి 6.7 మైక్రాన్ల తప్పు కనిపిస్తుంది. పీ-గెయిన్ (తప్పుని ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పే గుణకం) 1000 ఉంటే సెకనుకి 6.7 మిల్లీమీటర్ల వేగం సరిదిద్దబోతుంది. తర్వాతి సైకిల్‌లో వెనక్కి లాగుతుంది. యాక్సిస్ సన్నగా గరగరమంటుంది. కార్డులోని డీపీఎల్‌ఎల్ (పీసీ సైకిల్‌తో అడుగు కలిపే గడియారం) దీనికి జవాబు. పీసీ ఎప్పుడడిగినా సరే, పొజిషన్‌ని ప్రతి మిల్లీసెకనులో ఒకే క్షణాన పట్టి ఉంచుతుంది. టైమర్ 01ని మైనస్ 100 మైక్రోసెకన్లకి పెట్టి, స్టెప్‌జెన్‌లకీ (పల్స్ జనరేటర్లకీ), స్పిండిల్ ఎన్‌కోడర్‌కీ టైమర్ నంబర్ 1 ఇస్తే చాలు. హ్యాల్ ఫైల్‌లో కొన్ని లైన్లే. ఆ గరగర ఆగిపోయింది, ఫాలోయింగ్ ఎర్రర్ (చెప్పిన చోటికీ ఉన్న చోటికీ తేడా) గ్రాఫ్ నున్నగా వచ్చింది.

రిజిడ్ ట్యాపింగ్ లెక్క కూడా దీంతో తేలిపోయింది. ఎం8, 1.25 పిచ్, 400 ఆర్‌పీఎం: Z వేగం నిమిషానికి 500 మిల్లీమీటర్లు, మిల్లీసెకనుకి 8.3 మైక్రాన్లు. ఈ వేగంలో మిల్లీసెకను గడువు ధారాళంగా సరిపోతుంది.

తప్పులు, వాటి గుర్తులు

తెర మీద ఎక్కువగా కనిపించేవి రెండు సందేశాలు: అనుకోని రియల్ టైమ్ ఆలస్యం, కార్డు చదవడం పూర్తికాలేదు. రెండోది కనిపించగానే అందరూ కెర్నల్ మీద పడతారు. సందేశం కంటే అది వచ్చే సమయం ఎక్కువ చెబుతుంది. స్పిండిల్ ఆన్ చేసినప్పుడో, ఆగేటప్పుడో వస్తే అది ఆపరేటింగ్ సిస్టమ్ తప్పు కాదు, వీఎఫ్‌డీ నాయిస్. ఈ మెషీన్‌లో మొదటివారం అదే జరిగింది. ఈథర్‌నెట్ తీగని మోటార్ కేబుల్ ఉన్న డక్ట్‌లోంచే లాగారు. షీల్డ్ ఉన్న క్యాట్6 తీగని వేరే దారిలో, అరమీటరు ఎడంగా లాగి, వీఎఫ్‌డీ మోటారు కేబుల్ షీల్డ్‌ని రెండు చివర్లా ఎర్త్ చేశాక పోయింది. బ్రౌజర్ తెరిచినప్పుడో, పెద్ద ఫైలు లోడ్ చేసినప్పుడో వస్తే కోర్ల విభజన చూడాలి. ఏ పనితోనూ సంబంధం లేకుండా లెక్కకట్టినట్టు ఒకే వ్యవధిలో వస్తే బయాస్‌ని అనుమానించాలి.

నెలల తరబడి బాగా నడిచి ఒక పొద్దున హఠాత్తుగా మొదలైతే ముందు యూనేమ్ -వీ (uname -v, నడుస్తున్న కెర్నల్ ఏదో చూపే కమాండ్) కొట్టి చూడండి. అందులో ప్రీఎంప్ట్-ఆర్‌టీ లేకపోతే, ఎవరో అప్‌డేట్ ఒప్పుకున్నారు, పీసీ మామూలు కెర్నల్‌తో లేస్తోంది. మామూలు కెర్నల్ ప్యాకేజీని తీసేసి, ఆర్‌టీ కెర్నల్‌ని హోల్డ్‌లో (మారకుండా) పెట్టి, ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయాలి.

కరెంటు పోతే ఫైల్‌సిస్టమ్ పాడవడం మన దగ్గర నిత్యం ఉండేదే. పీసీకీ, కార్డుకీ చిన్న యూపీఎస్ పెట్టండి, డ్రైవులకి అక్కర్లేదు. సెట్టింగులన్నీ అయ్యాక ఎస్‌ఎస్‌డీని ఇంకో ఎస్‌ఎస్‌డీకి క్లోన్ చేసి ప్యానెల్ తలుపులో కట్టి ఉంచితే, పాడైన రోజు పది నిమిషాల్లో మెషీన్ లేస్తుంది.

ఆపరేటింగ్ సిస్టమ్‌కి అప్పగించకూడని పని ఒకటుంది: ఎమర్జెన్సీ స్టాప్. ఎర్ర బటన్ సేఫ్టీ రిలేకి, సేఫ్టీ రిలే నుంచి డ్రైవుల కాంటాక్టర్‌కి నేరుగా తీగ ఉండాలి. లైనక్స్‌సీఎన్‌సీకి ఒక సహాయక కాంటాక్టు ద్వారా కబురు మాత్రం వెళ్లాలి. అలాగే Z బ్రేకు. వాచ్‌డాగ్ కరిచి డ్రైవుల ఎనేబుల్ పోయిన మరుక్షణం తల బరువు స్క్రూని తిప్పుకుంటూ కిందికి జారుతుంది. బ్రేకు కాయిల్‌ని డ్రైవు సొంత బ్రేకు అవుట్‌పుట్ నుంచి రిలే ద్వారా నడపాలి, కరెంటు లేనప్పుడు పట్టుకునే రకంగా. కాయిల్‌కి డయోడు మరిచిపోతే రిలే కాంటాక్టులు కాలి అంటుకుంటాయి. అప్పుడు బ్రేకు పట్టదు. పరీక్ష సులువు: Z కింద కట్టె దిమ్మ పెట్టి, తల మధ్యలో ఉండగా ఈథర్‌నెట్ తీగ పీకండి. డయల్ ఇండికేటర్‌లో తల దిగేది మిల్లీమీటరులో వందో వంతుల్లోనే ఉండాలి.

ప్యానెల్ తలుపు లోపలి వైపు ఒక కాగితం లామినేట్ చేసి అంటించారు. దాని మీద మార్చిన ప్రతి బయాస్ సెట్టింగ్, గ్రబ్ లైను, రెండు ఐపీ అడ్రసులు, రాత్రంతా నడిపినప్పుడు వచ్చిన 24 అనే సంఖ్య, తేదీ ఉన్నాయి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బటన్ సెల్ అయిపోయిన రోజున బయాస్ ఫ్యాక్టరీ సెట్టింగులకి వెళ్లిపోతుంది. సీ-స్టేట్‌లు ఆన్ అవుతాయి, లెగసీ యూఎస్‌బీ ఆన్ అవుతుంది, మెషీన్ మాత్రం ఏమీ జరగనట్టే లేస్తుంది. మొదటి పెద్ద జాబు సగంలో ఆగాక గానీ తెలియదు. అందుకే ఆ కాగితం అడుగున సెల్ మార్చిన తేదీ కూడా రాసి ఉంది, పక్కనే మూడేళ్ల తర్వాతి తేదీ.